వంటబండ్ల ఆరు గంటల ఆలస్యం

బస్ డిపో, పై అంతస్తు,
కిటికీ పక్క బల్ల.
జూన్ 11

వదినకు,

ముందు శుభవార్త. పద్నాలుగో నంబరు బస్సు వారం రోజులుగా ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు. డ్రైవరు మారలేదు, బస్సూ మారలేదు. నేను మధ్యలో ఒక స్టాపుకి రెండు నిమిషాలు ఎక్కువ రాశాను, అంతే. రెండేళ్ళుగా ఆ ముసలి డ్రైవరుని అందరూ తిట్టిపోస్తున్నారు గాని, తప్పు కాగితంలో ఉందని ఒక్కరికీ తట్టలేదు. నిన్న ఆయన మెట్లెక్కి వచ్చి నా బల్ల మీద రెండు జామకాయలు పెట్టి దిగి వెళ్ళిపోయాడు.

నువ్వు ఊరు మారిపోయి రెండేళ్ళయినా మన యుద్ధ చరిత్ర మండలి నియమం మాత్రం మారలేదు. ఆదివారం లైబ్రరీలో పదకొండు మంది మగవాళ్ళు, నేనూ. ఎవరు ఏ యుద్ధం గురించి నోరు విప్పాలన్నా ముందు తమ ఇంటి మంచి కబురు ఒకటి చెప్పి తీరాలి. చచ్చిపోయిన వేలమంది గురించి మాట్లాడే ముందు బతికున్నవాళ్ళ సంగతి ఒక ముక్క అనుకోకపోతే ఎలా అని లైబ్రరీ మాస్టారి పట్టుదల. మొన్న, ఎప్పుడూ ఫిరంగుల గురించే మాట్లాడే ఆయనకి ఏమీ దొరక్క, తన పంటినొప్పి తగ్గిందని చెప్పాడు. చప్పట్లు కొట్టాం.

ఇక అసలు కబురు. మండలి నవంబరు ప్రదర్శనలో అరగంట నాకిచ్చారు. ఏం మాట్లాడతానో నీకు వేరే చెప్పాలా? వంతెన యుద్ధంలో వంటబండ్లు. నాన్న పంతొమ్మిదేళ్ళ వయసులో ఆ దళంలోనే గుండిగలు తోమాడు. ఆ రోజు ముందు వరసలో ఎనిమిది వందల మందికి తెల్లవారుజామున నాలుగింటికి తిండి చేరాలి. పదింటికి చేరింది. దళాల చరిత్ర పుస్తకంలో దాని గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: "వంటబండ్ల పెద్ద చేసిన నిర్లక్ష్యం వల్ల ఆరు గంటల ఆలస్యం జరిగింది." నిర్లక్ష్యమట! దారిలో ఒక వాగు ఉంది. అది పొంగి ఉంటుంది. బండ్లు ఆగి ఉంటాయి. ఈసారి కూడా తప్పు కాగితంలోనే ఉందని నిరూపిస్తాను.

నీకో పని. ప్రదర్శనలో పెట్టడానికి ఆనాటి వంటవాళ్ళ కోటు ఒకటి కుట్టిపెట్టు. ఊరందరికీ కుడతావు, మరదలికి కుట్టవా?

మామూలు షరతే: ఆయన మాట మాత్రం ఎత్తకు. నాన్న నోటుపుస్తకాన్ని నేను ఒక్క పేజీ అయినా చూడకముందే పొయ్యిలో పెట్టిన మనిషి. ఇంకెవరి అన్న అయినా తగలబెట్టి ఉంటే వదిలేసేదాన్ని. యుద్ధ చరిత్ర చదివే చెల్లెలు ఉన్నవాడు ఆ పని చెయ్యకూడదు. నాలుగేళ్ళయింది. నాకు ఇంకా మంటగానే ఉంది.

నీ మరదలు

*

కుట్టుమిషను దగ్గర,
వెలుతురు వచ్చే వైపు.
జూన్ 24

టైంటేబులు తల్లికి,

శుభవార్తలు రెండు. ఆసుపత్రి నర్సులకి నలభై జతలు కుట్టి ఇచ్చాను, ఒక్కటి కూడా సరిచెయ్యమని తిరిగి రాలేదు. రెండోది, ఈ ఇంట్లో ఉండే ఆ ఒకాయన (నేను ఎవరి మాటా ఎత్తలేదు చూడు) మొన్న తనంతట తాను లేచి దుప్పటి మడత పెట్టాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి. నాలుగు మూలలూ నాలుగు దిక్కులకి పోయాయనుకో, అయినా తారీఖు గోడ మీద రాసుకున్నాను. మీ మండలివాళ్ళు చరిత్ర అంటే యుద్ధాలే అనుకుంటారు.

కోటు కుట్టనని ఎలా అంటాను? అసలు నేను మీ మండలిలో చేరిందే గుడ్డల కోసం. మీరంతా ఎవరు గెలిచారని కొట్టుకుంటుంటే, ఆ చలిలో వాళ్ళు లోపల ఏం వేసుకున్నారన్నదే నాకు పట్టేది. బూడిదరంగు ముతక గుడ్డ దొరికింది. సూది దిగడానికి మొరాయిస్తోంది. ఎడమ మణికట్టు దగ్గర తోలు అతుకు వేస్తున్నాను, గుండిగ దించేటప్పుడు కాలకుండా. రెండో బొత్తాం తెల్లదారంతో కుడతాను, మామయ్య కోటుకి అలాగే ఉండేది. మిగతా బొత్తాలన్నీ నల్లదారమే.

వాగు సంగతి మాత్రం తొందరపడకు. అరగంటలో చెప్పడానికి మంచి విషయాలు ఇంకా చాలా ఉన్నాయి. బండ్లలో ఏమేం ఉండేవి, కట్టెలు ఎలా మోసేవాళ్ళు, ఇలాంటివి. అందరూ నోళ్ళు తెరుచుకుని వింటారు.

నీ వదిన

*

బస్ డిపో, పై అంతస్తు.
జూలై 8

వదినకు,

శుభవార్త: నా కుర్చీ మార్చారు. పాతది నేను లేచిన ప్రతిసారీ కయ్యిమని అరిచేది. ఇప్పుడు నేను ఎప్పుడు టీకి వెళ్తున్నానో ఎవరికీ తెలియడం లేదు.

కట్టెల గురించి తర్వాత మాట్లాడదాం. ముందు నాకు జవాబు కావాలి. మాస్టారి రెండో నియమం నీకూ తెలుసు: ఏ ముక్క చెప్పినా దాని ఆధారం చెప్పాలి, చూసిందా, విన్నదా, చదివిందా. నాన్న ఆ కోటుని ఉద్యోగం మానేసిన రోజే తిరిగి ఇచ్చేశాడు. అప్పటికి నేను పుట్టనే లేదు. దాని ఫోటో ఒక్కటీ లేదు. మరి తెల్లదారం సంగతి నీకెవరు చెప్పారు?

లెక్క కూడా రాస్తున్నాను, సరిచూడు. శిబిరం నుంచి వంతెనకి పద్దెనిమిది మైళ్ళు. కంచరగాడిదల బండి గంటకి మూడు మైళ్ళు నడుస్తుంది. రాత్రి పదింటికి బయల్దేరితే తెల్లవారి నాలుగింటికి చేరాలి. ఆరు గంటలు ఎక్కడో కారిపోయాయి. వాగు దగ్గర కాకపోతే ఇంకెక్కడ?

నిన్న డిపో నుంచి ఇంటికి వస్తుంటే సందు మలుపు తిరిగేటప్పుడు నాన్న గుర్తొచ్చాడు. నాకు నలభై ఏళ్ళు వచ్చినా, ఏడు దాటితే చాలు, ఆ మలుపులో టార్చి పట్టుకుని నిలబడేవాడు. వీధిలో దీపాలు ఉండేవి కదా, అయినా సరే. నా తోటివాళ్ళ ముందు సిగ్గేసి ఎన్నిసార్లు విసుక్కున్నానో! అంత చాదస్తంగా జాగ్రత్తపడే మనిషి పనిచేసిన దళంలో నిర్లక్ష్యమా? నా ప్రసంగం ఈ మాటతోనే మొదలుపెడతాను.

నీ మరదలు

*

కుట్టుమిషను దగ్గర.
జూలై 30

టైంటేబులు తల్లికి,

శుభవార్త: మేడ మీద వాళ్ళ పిల్లి మా కత్తిరింపు ముక్కల బుట్టలో నాలుగు పిల్లల్ని పెట్టింది. ఒకదాని రంగు అచ్చం నీ కోటు గుడ్డే. పొరపాటున కత్తెర వెయ్యకుండా చూసుకుంటున్నాను.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. నీ ముక్కు మీద కోపం నాకు తెలుసు, నా కడుపులో ఏ మాటా ఆగదని నీకు తెలుసు. ఇంక దాచలేను.

నాకొక సాక్షి ఉన్నాడు. పేరు చెప్పనని మాటిచ్చాను. సాయంత్రం నేను మిషను తొక్కుతుంటే ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చుని చెబుతాడు. ఒక్కోరోజు నాలుగు మాటలు, ఒక్కోరోజు అదీ లేదు. తెల్లదారం ఆయన చెప్పిందే. నీ లెక్క చదివి వినిపించాను. కింద పడ్డ దారం ఉండ తీసి చుట్టాడు. తర్వాత, "ఆ రాత్రి చుక్క వాన లేదు. వాగులో మోకాలి లోతు నీళ్ళు కూడా లేవు. దాన్ని వాగు జోలికి పోవద్దని చెప్పు" అన్నాడు.

నేను అడిగాను, మరి ఎక్కడ ఆగాయి అని. లేచి వెళ్ళి తల్లిపిల్లికి పాలు పోశాడు.

ప్రసంగానికి వేరే విషయం తీసుకోకూడదా? మొండితనం కాదుగాని, నీ మంచికే చెబుతున్నాను.

నీ వదిన

*

బస్ డిపో.
ఆగస్టు 12

వదినకు,

శుభవార్త: ఏమీ లేదు. నియమం ఉంది కాబట్టి, ఇవాళ కరెంటు పోలేదు.

ముక్కాలి పీట మీద కూర్చునేది ఎవరో తెలియడానికి నాకు మండలి సభ్యత్వం అక్కర్లేదు. నాన్న కోటు దారం రంగు తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే మిగిలాడు. ఎలా తెలుసో కూడా తెలుసు. చదివాడు. చదివి తగలబెట్టాడు. ఇప్పుడు చెంచాతో కొలిచి నాలుగేసి మాటలు పోస్తున్నాడా?

ఆయనకి చెప్పు. ఆధారాన్ని తగలబెట్టినవాడు సాక్షిగా పనికిరాడు. మాస్టారు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. నవంబరులో నేను వాగు గురించే మాట్లాడతాను. కాదు అనే దమ్ముంటే, నీ వెనక దాక్కోకుండా తన చేత్తో రాయమను.

నీ మీద నాకు కోపం లేదు. ఉంది, కొంచెం. కోటు మాత్రం ఆపకు.

మరదలు

*

కళ్ళద్దాల కొట్టు,
వెనక గది, అద్దాలు అరగదీసే బల్ల.
సెప్టెంబరు 20

చిట్టికి,

ముందు శుభవార్త రాయాలని మీ వదిన చెప్పింది. నాకు అలవాటు లేదు, తప్పుంటే సర్దుకో. నిన్న ఎనభై ఏళ్ళ పెద్దావిడకి కొత్త అద్దాలు పెట్టాను. పెట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి, ఎదురు గోడ మీద రాతలన్నీ గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "ఈ గోడ మీద రాయరాదు" అన్నది కూడా చదివింది. ఇది సరిపోతుందా?

నా చేత్తో రాయమన్నావు, రాస్తున్నాను. నెలరోజులు పట్టింది.

నాన్న చివరి వారంలో ఆ నోటుపుస్తకం నాకిచ్చి, "చదివి తగలబెట్టు. చిట్టి చూడకూడదు" అన్నాడు. ఎందుకని అడిగాను. "అది ఎప్పుడూ తప్పు కాగితంలో ఉందనే అనుకుంటుంది. నా విషయంలో కూడా అలాగే అనుకోనీ" అన్నాడు. నేను మాటిచ్చాను. పుస్తకం పోయింది, అది నిజం. అందులో యుద్ధం గురించి ఉన్నది పదకొండు పేజీలు. కాల్చే ముందు ఎన్నిసార్లు చదివానంటే, నాకు నోటికి వచ్చేసింది.

శిబిరం నుంచి ఆరు మైళ్ళు వచ్చాక దారి రెండుగా చీలుతుంది. కుడివైపు వంతెనకి. ఎడమవైపు రాళ్ళ గనికి, అక్కడితో ఆఖరు. వంటబండ్ల పెద్ద, నాన్నని ముందుగా ఒక కంచరగాడిద మీద పంపాడు, ఆ చీలిక దగ్గర లాంతరు పట్టుకుని నిలబడి కుడివైపు చూపించమని. నాన్నకి అప్పటికి రెండు రోజులుగా నిద్ర లేదు. నిలబడ్డాడు. తర్వాత ఒక్క నిమిషం అని రాయి మీద కూర్చున్నాడు.

కళ్ళు తెరిచేసరికి తెల్లారుతోంది. లాంతర్లో నూనె అయిపోయింది. ఎడమవైపు దారిలోంచి బండ్లు వెనక్కి వస్తున్నాయి.

ముందు బండిలో పెద్దాయన నాన్నని చూశాడు. దిగి వచ్చి, లాంతరు తీసుకుని, తన బండి కింద తగిలించుకున్నాడు. "ఎక్కు" అన్నాడు, అంతే. వంతెన దగ్గర అధికారి అడిగితే, "దారి నేనే తప్పాను, చీలిక దగ్గర మనిషిని పెట్టలేదు" అని చెప్పాడు. ఆయన భుజం మీది హోదా పట్టీలు కోసేశారు. మళ్ళీ పైకి రాలేదు. నాన్న నోరు విప్పలేదు. పంతొమ్మిదేళ్ళు కదా, భయపడ్డాడు. తర్వాత భయం పోయింది కాని, అప్పటికి ఆ పెద్దాయన పోయాడు. ఆఖరి పేజీలో ఆయన పేరు ఒక్కటే ఇరవై సార్లు రాసి ఉంది.

సందు మలుపులో నాన్న టార్చి పట్టుకుని నిలబడేవాడని మీ వదినకి రాశావు. ఆ పేజీలు చదివాక నాకు అర్థమైంది. అరవై ఏళ్ళ పాటు ఆయన ఆ చీలిక దగ్గరే నిలబడ్డాడు.

నువ్వు వాగు అని చెబితే మాట నిలబెట్టుకున్నానని నేను ఊరుకోవచ్చు. నాన్న మీద మచ్చ ఉండదు. కాని చిట్టీ, ఆ పెద్దాయన చేసిన పని కూడా నీ వాగులో కొట్టుకుపోతుంది. ఆయనకీ ఎక్కడో పిల్లలు ఉంటారు, ఆ పుస్తకంలో ఆ వాక్యం వాళ్ళూ చదివి ఉంటారు. నీ ప్రసంగం సంగతి విన్నప్పటినుంచి నాకు పాలుపోవడం లేదు. చనిపోయినవాడికి ఇచ్చిన మాట తప్పాను. తప్పు చేశానో ఒప్పు చేశానో నువ్వే తేల్చు. నీకు ఆ చదువు ఉంది.

పుస్తకం కాల్చినందుకు మాత్రం నన్ను క్షమించు. మాటిచ్చానే గాని, పొయ్యి ముందు కూర్చున్నప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు.

అన్నయ్య

*

కుట్టుమిషను దగ్గర.
అక్టోబరు 26

తల్లీ,

కోటు పంపుతున్నాను. లోపలి జేబు చూడు, మామయ్య చెంచా పెట్టుకునే కొలతకి కుట్టాను.

శుభవార్త: పిల్లిపిల్లలు నాలుగూ నాలుగు ఇళ్ళకి వెళ్ళాయి. బూడిదరంగుది మాత్రం తిరిగొచ్చేసింది.

అయిదు వారాలైంది, నీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. రాయకపోతే రాయకు, బలవంతం లేదు. ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. రోజూ పోస్టు వచ్చే వేళకి ఆయన కొట్టు వదిలేసి ఇంటికి వస్తున్నాడు. ఎందుకొచ్చావంటే, కళ్ళద్దాలు మర్చిపోయానంటాడు. కళ్ళద్దాల కొట్టున్నవాడు!

వదిన

*

ఇంటి నుంచి,
వంటగది బల్ల.
నవంబరు 17

వదినకు, అన్నయ్యకు,

ఇద్దరికీ కలిపి ఒకటే రాస్తున్నాను. వదినా, నువ్వు గట్టిగా చదువు, ఆయన పీట మీద కూర్చుని వింటాడు.

అన్నయ్యా, నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు అబద్ధం చెబుతున్నావనుకున్నాను. నాకు చేతనైన పని ఒకటే కదా, కాగితం తీసి లెక్క వేశాను. పాత పటంలో రాళ్ళ గని దారి ఉంది. చీలిక నుంచి గని దాకా తొమ్మిది మైళ్ళు. పోవడం తొమ్మిది, రావడం తొమ్మిది, మొత్తం పద్దెనిమిది. గంటకి మూడు మైళ్ళు. ఆరు గంటలు. నిమిషం తేడా లేదు. ముప్పై ఏళ్ళుగా నేను వెతుకుతున్న ఆరు గంటలు అవే. ఆ కాగితం ముందు పెట్టుకుని డిపోలో అందరి ఎదుటా ఏడ్చాను. పద్నాలుగో నంబరు డ్రైవరు మళ్ళీ జామకాయలు తెచ్చాడు, పాపం.

నాన్న మీద కోపం రాలేదు. ఆ పుస్తకం నన్ను చూడనివ్వద్దన్నందుకు మాత్రం బాధేసింది. తప్పు ఆయనదే అయినా ఆయన నాకు నాన్నే కదా. ఆ మాట ఆయన బతికుండగా ఆయనకి తెలిసేలా నేను నడుచుకోలేదేమో.

నిన్న ప్రదర్శన జరిగింది. కోటు మధ్య బల్ల మీద పెట్టాం. ఫిరంగుల ఆయన తెల్లదారం బొత్తాన్ని చూసి, కుట్టినావిడ పొరపాటు చేసిందన్నాడు. వదినా, నీ తరపున నేను చూసిన చూపుకి వెనక్కి వెళ్ళిపోయాడు.

వాగు సంగతి ఎత్తలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. వంటబండ్ల పెద్ద పేరు చెప్పి, ఆయన నిర్లక్ష్యం చెయ్యలేదన్నాను. చీలిక దగ్గర నిద్రపోయిన కుర్రవాడు మా నాన్న అని చెప్పాను.   చెప్పడం అయ్యాక మాస్టారు ఎప్పటిలాగే అడిగారు, "ఆధారం? చూసిందా, విన్నదా, చదివిందా?" అని. "విన్నది. చదివినవాడి దగ్గర విన్నాను. పుస్తకం లేదు, మనిషి ఉన్నాడు" అన్నాను. మాస్టారు మండలి రిజిస్టరు తెరిచి రాశారు: సాక్షి, మాట్లాడిన ఆమె అన్నగారు. నీ చేత సంతకం పెట్టించాలట. ఒక ఖాళీ వదిలారు.

మాట తప్పావో లేదో నన్ను తేల్చమన్నావు. అది తేల్చడం నా వల్ల కాదు. నేనే నీ చోట ఉంటే పుస్తకం కాల్చేదాన్ని కాదు, నిజమూ చెప్పేదాన్ని కాదు. నువ్వు రెండూ చేశావు. నాలుగేళ్ళు నేను మాట్లాడకపోయినా ఒక్కసారి కూడా నాన్నని అడ్డం పెట్టుకోలేదు. కాల్చమన్నది నాన్నే అని ఒక్క ముక్క అని ఉంటే అయిపోయేది కదా, పిచ్చివాడా.

అన్నట్టు, ప్రసంగానికి ముందు నేనూ ఒక శుభవార్త చెప్పాల్సి వచ్చింది. రాసుకెళ్ళింది ఏదో ఉంది, కుర్చీ గురించి. లేచి నిలబడ్డాక అది నోటికి రాలేదు. "మా అన్నయ్య నాకు ఉత్తరం రాశాడు" అన్నాను. పంటినొప్పికి కొట్టిన చప్పట్లకంటే ఎక్కువే కొట్టారు.

వచ్చే ఆదివారం వస్తున్నాను. పొద్దున ఆరున్నర బస్సు, మీ ఊరు పదకొండుకి చేరుతుంది. చేరకపోతే ఆ టైంటేబులు రాసినవాళ్ళతో నేను మాట్లాడతాను. రిజిస్టరు తెస్తున్నాను. వదినా, ఎవరూ ఎదురు రానక్కర్లేదు, నాకు అడ్రసు ఉంది, నోరూ ఉంది. బూడిదరంగు పిల్లిపిల్లని ఎవరికీ ఇవ్వకు.

మీ చిట్టి

*

కళ్ళద్దాల కొట్టు.
నవంబరు 20

చిట్టికి,

శుభవార్త: నువ్వు వస్తున్నావు. ఇంకొకటి రాయమంటే నా దగ్గర లేదు.

మీ వదిన ఉత్తరం రెండుసార్లు చదివింది, రెండోసారి నేనడగలేదు. అప్పుడే దుప్పట్లు ఉతికేసింది. మడత పెట్టే పని నాకిచ్చింది.

ఎదురు రానక్కర్లేదన్నావు. పట్టపగలు పదకొండు గంటలు, ఎండ ఉంటుంది, తెలుసు. టార్చి తెస్తే నవ్వుతావని అదీ తీసుకురాను. కాని బస్‌స్టాండు దాటాక మందుల కొట్టు దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడివైపుకి తిరగాలి. అక్కడ నేను నిలబడి ఉంటాను. కూర్చోను.

అన్నయ్య